పెద్దవాళ్లతో అట్లాంటా అక్వేరియం చూసినవారి సలహా కావాలి

నమస్కారం. వచ్చే నెల విశాఖపట్నం నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. వారిని అట్లాంటాలోని జార్జియా అక్వేరియానికి తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. 2005లో ప్రారంభమైన ఈ అక్వేరియంలో, 63 లక్షల గ్యాలన్ల నీరు పట్టే తొట్టిలో తిరిగే తిమింగల సొరచేపను చూడాలన్నది నాన్నగారి కోరిక. చిన్నతనంలో అలాంటి చేప ఒకటి తీరానికి కొట్టుకువస్తే, దాని వీపు మీది తెల్లటి చుక్కలను వేలు పెట్టి లెక్కించబోయి తాతయ్య చేత చీవాట్లు తిన్నానని ఇప్పటికీ చెబుతుంటారు. అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పులు. పది నిమిషాలకు మించి నిలబడలేరు.

ఆ తొట్టి గుండా సాగే 100 అడుగుల సొరంగంలో దానంతటదే కదిలే నడకదారి ఉందని తెలుసు కానీ, దానిపైకి వీల్‌చెయిర్‌ను అనుమతిస్తారా, లేకపోతే పక్కనుంచి తోసుకువెళ్లడానికి చోటు ఉంటుందా అన్నది అక్కడికి వెళ్లివచ్చినవారే చెప్పగలరు. 61 అడుగుల వెడల్పున్న పెద్ద అద్దం ఎదుట కాసేపు కూర్చోనిస్తారా? డాల్ఫిన్ల ప్రదర్శనకు మెట్లు ఎక్కకుండా చేరుకోవచ్చా? శని, ఆదివారాల రద్దీ తప్పించుకోవాలంటే మామూలు రోజున తలుపులు తెరవగానే వెళ్లడం మేలా, లేక బడిపిల్లల బస్సులు తిరిగి వెళ్లిపోయాక మధ్యాహ్నం మేలా? సొరచేపలకు మేత వేసే వేళ కూడా ఎవరైనా తెలియజేస్తే, నాన్నగారిని సరిగ్గా ఆ సమయానికి అద్దం ముందుకు చేరుస్తాను.