మా అన్నయ్యకు షుగర్ తగ్గడం లేదు, మనిషి కూడా ముభావంగా మారిపోయారు

ప్రశ్న (బోరబండ):
అందరికీ నమస్కారం. మా అన్నయ్య మాదాపూర్‌లో ఒక భవనానికి రాత్రి కాపలా ఉంటారు. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్ష) ఈసారి 9.8 శాతం వచ్చింది. జీతం ఆలస్యమైనప్పుడు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని వదిన చెబితేనే తెలిసింది. పగలు నిద్ర పట్టదు, ఎవరితోనూ మాట్లాడరు, ‘ఇంకెన్నాళ్లులే’ అంటారు. ఇంట్లోవాళ్లు అన్నం మానేయమని కోప్పడుతున్నారు. ఇది షుగర్ వల్లనా, మనసు బాగోలేకనా?

జవాబు (బస్తీ దవాఖానాలో నర్సును):
రెండింటినీ విడదీసి చూడకండి. దిగులు, నిద్రలేమి ఉన్నప్పుడు కార్టిసాల్, అడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరిగి, కాలేయం రక్తంలోకి గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు. షుగర్ పెరిగితే వచ్చే నీరసం దిగులును ఇంకా పెంచుతుంది. మధుమేహం ఉన్నవారిలో డిప్రెషన్ మిగతావారికంటే దాదాపు రెట్టింపు. ‘ఇంకెన్నాళ్లులే’ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలని అనిపిస్తోందా అని ఆయననే నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినంతమాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మీకు దగ్గరే. మాత్రలు బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు, కాబట్టి జీతం కోసం ఆగనక్కర్లేదు.

జవాబు (కూకట్‌పల్లి, షుగర్ ఉన్న మనిషిని):
దయచేసి ఆయనను కోప్పడటం ఆపండి. రేషన్ బియ్యంతో ఇల్లు గడిచేచోట అన్నం మానేయమంటే, ఆ మనిషి ఏం తిని రాత్రంతా మేలుకోవాలి? మా బస్తీలో కాపలావాళ్ల క్యారియర్లు చూస్తుంటాను: గిన్నె నిండా అన్నం, పైన కొంచెం చారు, ఓ పచ్చడి ముద్ద, నిద్ర ఆపుకోవడానికి అర్ధరాత్రి దాటాక రెండు మూడు తియ్యటి టీలు. అన్నం సగానికి తగ్గించి, ఆ చోట పప్పు, సొరకాయ కూర, ఉడికించిన గుడ్డు పెట్టమని వదినగారికి చెప్పండి. టీలో చక్కెర మానిపించండి. ఇంకొక ముఖ్యమైన సంగతి, ఆయన వాడేది గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర అయితే, తినకుండా వేసుకున్నప్పుడు షుగర్ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. రాత్రి డ్యూటీకి తగ్గట్టు మాత్రల వేళలు డాక్టరునే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
రేపు డ్యూటీ దిగగానే తీసుకెళ్తాను. పరీక్ష కాగితాలు పట్టుకెళ్తే సరిపోతుందా?

నర్సు:
మాత్రల చీటీ కూడా పట్టుకెళ్లండి. మాత్రలు మానేసిన రోజుల సంగతి దాచకుండా చెప్పండి. అది తెలియకపోతే మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచుతారు.