లీజులో పేరు లేని రూమ్మేట్ కదలనంటున్నాడు, టెక్సాస్‌లో లీగల్‌గా ఎలా పంపాలి?

ఇర్వింగ్_కుర్రాడు:
డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. లీజులో నా పేరు, ఇంకో ఫ్రెండ్ పేరు మాత్రమే ఉన్నాయి. మా ఊరి అబ్బాయి ఒకడు జాబ్ వచ్చేదాకా రెండు వారాలు ఉంటానని సంక్రాంతికి వచ్చి హాల్లోనే సెటిల్ అయిపోయాడు. మొదట్లో రెంట్ వాటా జెల్ (Zelle, డబ్బు పంపే యాప్)లో పంపేవాడు, ఇప్పుడు అదీ బంద్. వెళ్ళమంటే "నేనూ రెంట్ కట్టా, నన్ను పంపే హక్కు మీకెక్కడిది" అంటాడు. పైగా వాళ్ళ నాన్న మా నాన్నకి ఫోన్ చేసి మీవాడు మావాణ్ణి రోడ్డున పడేస్తున్నాడని ఒకటే గోల. పోలీసుల్ని పిలిస్తే సివిల్ మ్యాటర్ అని చెప్పి వెళ్ళిపోయారు. తాళం మార్చి సామాను బయట పెట్టేద్దామని ఫ్రెండ్ తొందరపడుతున్నాడు. పెట్టొచ్చా?

ప్లేనో_పెద్దన్న:
వద్దు తమ్ముడూ, ఆ పని అస్సలు చెయ్యకండి. నెలనెలా డబ్బు తీసుకున్నారు కదా, లీజులో లేకపోయినా అతను మీకు కిరాయిదారు కిందికి రావచ్చు, అప్పుడు ఓనర్ స్థానంలో మీరుంటారు. తాళం మారిస్తే జస్టిస్ కోర్టు (ఇలాంటి చిన్న కేసులు చూసే లోకల్ కోర్టు)కెళ్ళి మళ్ళీ లోపలికి రావడానికి ఆర్డర్ తెచ్చుకోగలడు. దావా వేస్తే ఒక నెల రెంటుతో పాటు 1,000 డాలర్లు, లాయర్ ఖర్చులు కూడా మీ నెత్తిన పడొచ్చు. కరెంటు, నీళ్ళు ఆపడం కూడా అలాంటిదే.

డెంటన్_అక్క:
పద్ధతి నేను చెప్తా. నెలవారీగా ఉంటున్నాడు కాబట్టి ముందు ఒక నెల గడువిచ్చి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ఫోటో తీసి పెట్టుకోండి, వాట్సాప్ మెసేజ్‌ని మాత్రం నమ్ముకోవద్దు. గడువు దాటినా కదలకపోతే ఖాళీ చెయ్యమని ఇంకో నోటీసు, దానికి మామూలుగా మూడు రోజులు. అప్పటికీ ఉంటే మీ ప్రిసింక్ట్ (మీ ఏరియా) జస్టిస్ కోర్టులో ఎవిక్షన్ కేసు, అంటే ఇల్లు ఖాళీ చేయించే కేసు, వెయ్యాలి, లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. విచారణ సాధారణంగా కేసు వేసిన 10 నుంచి 21 రోజుల లోపు ఉంటుంది. గెలిచినా అప్పీలుకి అతనికి 5 రోజులుంటాయి. ఆ తర్వాత రిట్ (ఖాళీ చేయించమనే కోర్టు ఆర్డర్) తీసుకుంటే కాన్‌స్టేబుల్ (కోర్టు ఆర్డర్లు అమలుచేసే ఆఫీసర్) వచ్చి తలుపుకి 24 గంటల వార్నింగ్ అంటించి, అప్పుడు ఖాళీ చేయిస్తాడు. సామాను మీరు ముట్టుకోకండి.

రౌండ్‌రాక్_రాజు:
అక్క చెప్పింది కరెక్టే గానీ మీ లీజులో గెస్ట్ రూల్ ఏముందో ముందు చదువు బ్రో. ఎక్కువ రోజులు గెస్ట్‌ని ఉంచకూడదని చాలా లీజుల్లో రాసుంటుంది. ఓనర్ అనుమతి లేకుండా సబ్‌లీజుకివ్వడం (మీరు తీసుకున్న ఇంటిని ఇంకొకరికి అద్దెకివ్వడం) కూడా టెక్సాస్‌లో కుదరదు, అందుకే ఆ క్లాజు చూడకుండా లీజింగ్ ఆఫీసుకి పరుగెత్తితే వాళ్ళు మీ ఇద్దరికే నోటీసు పంపినా పంపుతారు. నేనైతే ఇంకో మాట చెప్తా: ఎవిక్షన్ కేసు పేరు మీద పడితే తర్వాత అపార్ట్‌మెంట్ దొరకడం ఎంత కష్టమో అతనికి అర్థమయ్యేలా చెప్పండి. వేరే చోట డిపాజిట్‌కి కొంత డబ్బు ఇస్తామనండి, ఫలానా తేదీకి వెళ్తానని రాసి సంతకం పెట్టించుకోండి. తిట్టుకుంటూనే ఇవ్వండి, కోర్టు ఫీజూ రెండు నెలల తలనొప్పీ లెక్కేస్తే అదే చవక.

ఇర్వింగ్_కుర్రాడు:
బెదిరింపులు లాంటివేమీ లేవు, ఉత్త మొండితనమే. నోటీసు రాసి రేపే చేతికిస్తా. తీసుకోకపోతే?

డెంటన్_అక్క:
సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా పంపు, రసీదు దాచుకో. ఇచ్చేటప్పుడు మీ ఫ్రెండ్‌ని పక్కన ఉంచుకో. బెదిరించడం, చెయ్యెత్తడం జరిగితే మాత్రం నోటీసూ గడువూ చూడక్కర్లేదు, 911కి ఫోన్ చెయ్యి.