సెయింట్ కిట్స్‌లో మెడిసిన్: అక్కడి తుపాకుల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి

నయీంనగర్ నాన్న (హనుమకొండ):
అందరికీ నమస్తే. మా అమ్మాయి నీట్ క్వాలిఫై అయింది గానీ ఇక్కడ సీటొచ్చే ర్యాంకు కాదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు కరీబియన్‌లోని సెయింట్ కిట్స్ దీవిలో ఎంబీబీఎస్ సీటు ఇప్పిస్తామంటున్నారు. బీచ్ ఫొటోలు చూపించి "అక్కడ చీమ కూడా కుట్టదు సార్" అన్నారు. ఇంటికొచ్చి నెట్‌లో చూస్తే అన్నీ కాల్పులు, గ్యాంగులు, హత్యల వార్తలే. అవి చదివినప్పటి నుంచి మా ఆవిడ అన్నం సరిగ్గా తినడం లేదు. మాది పరకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు రాత్రి కుక్కలు మొరిగితే వచ్చింది అన్నలా, పోలీసులా అని ఊపిరి బిగబట్టి పడుకునేవాళ్లం. తుపాకీ మాట వింటే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. అక్కడ ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. అంత చిన్న దీవిలోకి అన్ని తుపాకులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

బాసెటేర్ నర్సు (సొంతూరు కాజీపేట):
అన్నా, నేను ఇక్కడ రాజధాని బాసెటేర్‌లో నర్సుగా చేస్తున్నాను. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పింది అబద్ధం. అలాగని వదిన భయపడుతున్నంత ఘోరంగానూ లేదు.

సెయింట్ కిట్స్, నెవిస్ రెండు దీవులూ కలిపితే జనం సుమారు 50 వేలు. మన జనగామ టౌనంత. అంత చిన్నచోట 2011లో 34 హత్యలు, 2023లో 31, 2024లో 28 జరిగాయి. జనగామలో ఒక్క ఏడాదిలో 31 మందిని చంపేస్తే ఊరు ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి. 2025లో మాత్రం బాగా తగ్గాయి, ఆ మాట కూడా చెప్పాలి.

చచ్చేదీ చంపేదీ చాలావరకు ఇక్కడి కుర్రాళ్లే. ఒక గల్లీ గ్యాంగుకూ పక్క గల్లీ గ్యాంగుకూ పాత పగలు. ఒకడు పోతే వాడి తమ్ముడో దోస్తో పగ తీర్చుకోవడానికి బయల్దేరతాడు. చదువుకోవడానికి వచ్చిన పిల్లల జోలికి సాధారణంగా ఎవరూ రారు. ఫోన్లు లాక్కోవడం, ఇళ్లలో దొంగతనాలు ఉంటాయి.

ఇక తుపాకులు. ఈ దీవుల్లో తుపాకులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒక్కటీ లేదు. 2018 నుంచి 2022 దాకా కరీబియన్ దేశాల్లో నేరాల్లో పట్టుబడి, ఎక్కడివో ఆరా తీసిన తుపాకుల్లో 73 శాతం తమ దేశం నుంచి వచ్చినవేనని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. ఎక్కువగా ఫ్లోరిడా నుంచి వస్తాయి. ఇక్కడ దాదాపు ప్రతి ఇంటికీ అమెరికాలో ఒక అక్కో మేనమామో ఉంటారు. వాళ్లు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ముల్లో సామాను నింపి ఓడలో పంపుతారు. క్రిస్మస్ ముందు మా ఓనరమ్మ తన డ్రమ్ము విప్పుతుంటే నేనూ సాయం పట్టాను. పైన కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలు, వాటి కింద బియ్యం సంచులు, నూనె సీసాలు, సబ్బులు, సాక్సులు కుక్కిన బూట్లు, అట్టడుగున మనవడికి స్కూల్ బ్యాగు. చెయ్యి అందక ఆమె నడుము దాకా లోపలికి వంగి ఒక్కొక్కటే తీసింది. పండగ ముందు ఇలాంటివి రేవులో గుట్టలుగా వచ్చి పడతాయి. ఈ సామాన్ల మధ్యనే పిస్టల్ భాగాలు, తూటాలు దాచి పంపే ముఠాలున్నాయి. అన్ని డ్రమ్ములూ విప్పి చూడాలంటే కస్టమ్స్ వాళ్లు ఎంతమంది ఉంటే సరిపోతారు? కన్న తల్లికి ప్రేమతో పంపే డ్రమ్మును అడ్డం పెట్టుకుని ఇంత పాపం చేస్తారా అని నాకు కడుపు రగిలిపోతుంది.

2023 ఏప్రిల్‌లో కరీబియన్ దేశాల నేతలు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సమావేశమై హింసను ప్రజారోగ్య సమస్యగా, అంటే జబ్బులాగా మూలం వెతికి ముందే ఆపాల్సినదిగా చూడాలని నిర్ణయించారు. ఇక్కడి ప్రధాని టెరెన్స్ డ్రూ స్వయంగా డాక్టరు, ఆ దారిలోనే నడుస్తున్నారు. నాకైతే అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. క్యాజువాలిటీకి తూటా తగిలిన పిల్లవాడు వస్తే, చొక్కా కత్తిరిస్తుండగానే మా స్టాఫ్‌లో ఎవరో ఒకరు వాణ్ని పేరు పెట్టి పిలుస్తారు. అందరికీ అందరూ తెలుసు. ఒకసారి చనిపోయిన అబ్బాయి తల్లి, కాల్చాడని పట్టుకున్న అబ్బాయి తల్లి మా కారిడార్‌లో ఎదురుపడ్డారు. ఇద్దరిదీ ఒకే చర్చి. "నీ కొడుక్కి ఆ తుపాకీ ఎవడిచ్చాడు?" అని మొదటి ఆమె అడిగింది. రెండో ఆమెకు నిజంగానే తెలియదు.

మంచిర్యాల రిటైర్డ్ ఎస్సై:
బాగా చెప్పావమ్మా. మా సర్వీసులో బిహార్‌లోని ముంగేర్ నుంచి వచ్చిన తపంచాలు, అంటే నాటు పిస్టళ్లు పట్టుకున్నాం. తపంచాను చిన్న షెడ్డులో చేసేయొచ్చు, తూటా చెయ్యడం అంత తేలిక కాదు. అందుకే మేం తూటాలు ఎవరమ్ముతున్నారో వాళ్ల వెంట పడేవాళ్లం. మీ దగ్గరికొచ్చే ఫ్యాక్టరీ పిస్టళ్లకు సీరియల్ నంబరు ఉంటుంది. చెరిపేయకపోతే మొదట ఏ షాపులో అమ్ముడైందో దొరుకుతుంది. అక్కడ కొన్నవాడు కాగితాలన్నీ సరిగ్గా పెట్టి, ఇంకొకడి కోసం కొంటాడు. వాణ్ని అక్కడే ఆపకుండా దీవిలో కుర్రాళ్లతో జైళ్లు నింపితే ఏం లాభం? అమెరికా తుపాకీ కంపెనీల మీద మెక్సికో దావా వేస్తే కొన్ని కరీబియన్ దేశాలు కూడా దానికి మద్దతిచ్చాయి. 2025 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వార్త చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

కరీంనగర్ మెడికో:
అంకుల్, సేఫ్టీతో పాటు ఇదీ చూడండి. మన నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) 2021 రూల్స్ ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్, అంతా ఒకే విదేశీ కాలేజీలో జరగాలి. చాలా కరీబియన్ కాలేజీలు క్లినికల్స్‌కు, అంటే ఆసుపత్రిలో ఇచ్చే శిక్షణకు అమెరికా పంపిస్తాయి. అలా చేస్తే ఇక్కడ ప్రాక్టీసుకు ఇబ్బంది. కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, కన్సల్టెన్సీ మాట నమ్మొద్దు.

నయీంనగర్ నాన్న:
అందరికీ దండాలు. చెల్లెమ్మా, ఒకవేళ పంపితే ఎక్కడ ఉంచాలి? ఏదైనా అయితే ఎవరిని పట్టుకోవాలి?

బాసెటేర్ నర్సు:
మొదటి ఏడాది క్యాంపస్ హాస్టల్లోనే ఉంచండి అన్నా. చవగ్గా వస్తుందని బయట రూము తీసుకోవద్దు. చీకటి పడ్డాక ఒంటరిగా నడవకుండా కాలేజీ బండిలోనే తిరగమనండి. ఇక్కడ మన ఎంబసీ లేదు, గయానాలోని జార్జ్‌టౌన్ హైకమిషనే చూస్తుంది. ఆ నంబరు అమ్మాయి ఫోన్లో ఉండాలి. మీకు పొద్దున ఆరున్నర అయితే మాకు ముందురోజు రాత్రి తొమ్మిది, నేను డ్యూటీ దిగి ఇంట్లో ఉంటాను. వదినను ఆ టైంకు ఫోన్ చెయ్యమనండి, నంబరు మెసేజ్‌లో పెడుతున్నాను.