భాగస్వామ్య సంస్థలు కలిసి ఏం నేర్చుకున్నాయో కొలవగలమా? కొలిస్తే దేన్ని కొలవాలి? ఫీల్డ్‌లో పనిచేసినవారు, లెక్కలు చూసేవారు, చిన్న సంస్థవారు, ఈ ముగ్గురి మధ్య సాగిన చర్చ ఇది.

ఫీల్డ్ డైరీ:
మూడు దేశాల్లో ఆరు సంస్థలు కలిసి చేసిన తాగునీటి ప్రాజెక్టులో నాలుగేళ్లు పనిచేశాను. చివరి రిపోర్టు రాయడం నా వంతుకు వచ్చింది. "కలిసి నేర్చుకోవడం" అనే వరుసలో అడిగినవి రెండే: వర్క్‌షాపులు ఎన్ని జరిగాయి, ఎంతమంది వచ్చారు. లక్ష్యం 12, జరిగినవి 14. ఆ గడికి ఆకుపచ్చ రంగు వేశాం.

రెండో ఏడాది వర్క్‌షాపులో ఒక చిన్న సంస్థ ఓ సంగతి చెప్పింది. చేతిపంపులు వారాల తరబడి మూలపడటానికి కారణం పెద్ద మరమ్మతు కాదు, అరిగిపోయిన వాషర్లు. విడిభాగాలు దూరంగా ఉన్న డిపోలో ఉంటున్నాయి. విడిభాగాల పెట్టెను ఊరి కమిటీ చేతికే ఇచ్చేస్తే పంపు మర్నాటికల్లా పనిచేస్తోంది. ఆ సమావేశం మినిట్స్‌లో (చర్చల నోట్సులో) ఇదంతా మూడో పేజీలో ఉంది. అక్కడే ఉండిపోయింది. అదే గదిలో కూర్చుని విన్న రెండు సంస్థలు ఏడాదిన్నర తర్వాత కూడా విడిభాగాలను డిపోలోనే పెట్టుకున్నాయి. ఈలోగా ఆ ఊళ్లలో ఆడవాళ్లు మళ్లీ చెరువు నీళ్లే మోశారు.

అందుకే అడుగుతున్నాను. హాజరు పట్టీ లెక్కపెట్టడం మానేద్దాం. పక్క సంస్థ చెప్పిన మాట వల్ల మారిన నిర్ణయాలు ఎన్నో అవి లెక్కపెడదాం. నా దృష్టిలో నేర్చుకోవడమంటే అదే.

లెక్కల బల్ల:
మీ బాధ అర్థమైంది, పరిష్కారం మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. నిర్ణయం పక్క సంస్థ మాట వల్లే మారిందని ఎలా తేలుస్తారు? డిపో మూతపడి ఉండొచ్చు, అధికారి బదిలీ అయి ఉండొచ్చు, బడ్జెట్ తగ్గి ఉండొచ్చు. పైగా మారిన నిర్ణయాలే లెక్కలోకి వస్తాయని తెలిస్తే, ప్రతి సంస్థా మూడు నెలలకోసారి రెండు నిర్ణయాలు మార్చి చూపిస్తుంది. కొలతనే లక్ష్యంగా పెడితే అది కొలతగా పనికిరాదన్న మాట ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన సూత్రం నుంచి వచ్చింది.

అలాగని అంకెలను తీసిపారేయకండి. సహాయం ఇచ్చే దేశాలు, తీసుకునే దేశాలు కలిసి పనిచేసే తీరు మార్చుకుంటామని 2005లో పారిస్ ప్రకటన మీద సంతకాలు చేశాయి. ఎంతవరకు వచ్చామో చూసుకోవడానికి సూచికలు పెట్టుకున్నాయి. 2010 నాటికి చేరాలనుకున్న 13 లక్ష్యాల్లో ప్రపంచ స్థాయిలో నెరవేరింది ఒక్కటే. అంకె లేకపోతే అందరూ "బాగానే ముందుకెళ్తున్నాం" అని చెప్పుకునేవారు. ఇచ్చిన మాట తప్పారని చూపించింది ఆ అంకే.

చిన్న సంస్థ నుంచి:
మీ ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. నేర్చుకున్నారా లేదా అని అడిగేది ఎప్పుడూ మమ్మల్నే. నిధులిచ్చే సంస్థ మా నుంచి ఏం నేర్చుకుందో ఏ ఫార్మాట్‌లోనూ గడి లేదు.

ఏడాది సమీక్ష అంటే మా ఆఫీసులో వారం ముందు నుంచే టెన్షన్. బల్లకు అవతల వచ్చే ఏడాది డబ్బు మంజూరు చేసే మనిషి కూర్చుంటారు. "మీరు చేసిన పొరపాట్లు నిర్భయంగా చెప్పండి" అంటారు. మాది పదకొండు మంది సంస్థ, అందులో ముగ్గురి జీతం ఈ ప్రాజెక్టు మీదే నడుస్తోంది. ఏం చెప్పమంటారు? ఏ హానీ లేని పొరపాటు ఒకటి ఏరుకుని చెబుతాం. "నేర్చుకున్న పాఠాలు" కింద కిందటేడు రాసిందే కాస్త మార్చి రాస్తాం. ఒకసారి పాత సంవత్సరం అంకె కూడా అలాగే ఉండిపోయింది, ఎవరూ పట్టుకోలేదు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది, ఎవరూ చదవడం లేదని తెలిసినందుకు.

సంస్థలు ఎలా నేర్చుకుంటాయో పరిశీలించిన క్రిస్ ఆర్గిరిస్, డొనాల్డ్ షాన్ ఎప్పుడో చెప్పారు: తప్పును సరిదిద్దుకోవడం వేరు, ఆ తప్పు పుట్టిన నియమాన్నే ప్రశ్నించడం వేరు అని. మేం మొదటిది చేయగలం. నియమాలు మా చేతిలో లేవు కాబట్టి రెండోది చేయాల్సింది పైవాళ్లు. కొలత ఒక్క వైపే చూస్తే దాన్ని తనిఖీ అనాలి, కలిసి నేర్చుకోవడం అనకూడదు. దారి లేదని కాదు. అంతర్జాతీయ సహాయ సంస్థ యాక్షన్ ఎయిడ్ 2000లో తన రిపోర్టింగ్ పద్ధతినే మార్చుకుంది. పైకి పంపే నివేదికల బరువు తగ్గించి, పనిచేసే ఊరివాళ్లతో, భాగస్వాములతో కలిసి కూర్చుని సమీక్షించుకోవడానికి చోటిచ్చింది.

ఫీల్డ్ డైరీ:
మీరు చెప్పింది నిజం. నా ప్రశ్నలోనే ఆ లోటుంది. ఆరు సంస్థలను లెక్కపెట్టాను, ఏడోదైన నిధులిచ్చే సంస్థ నాకు గుర్తే రాలేదు.

లెక్కల బల్ల గారికి: ఏ కారణం వల్ల మారిందో కచ్చితంగా తేల్చలేమన్నది ఒప్పుకుంటాను. అంత కచ్చితత్వం అవసరమా అన్నదే నా సందేహం. అభివృద్ధి పరిశోధనలకు నిధులిచ్చే కెనడా సంస్థ ఐడీఆర్‌సీ 2001లో బయటపెట్టిన అవుట్‌కమ్ మ్యాపింగ్ పద్ధతి "ఈ మార్పు మా వల్లే" అని నిరూపించమని అడగదు. భాగస్వాముల ప్రవర్తనలో వచ్చే మార్పును మూడు మెట్లుగా చూస్తుంది: తప్పక కనిపించాల్సింది, కనిపిస్తే బాగుండేది, కనిపిస్తే ఎంతో సంతోషించేది. మా వాషర్ల విషయాన్ని అందులో పెడితే, వర్క్‌షాపుకు రావడం మొదటి మెట్టు మాత్రమే. డిపో నుంచి పెట్టె కదలడం రెండోది. తమ దగ్గర ఎందుకు కుదరలేదో వెనక్కి వచ్చి మిగతా సంస్థలకు చెప్పడం మూడోది. మేం మొదటి మెట్టు మీదే ఆగి రంగు వేసుకున్నాం.

నేననేది ఒక మామూలు నోటు పుస్తకం గురించి. మారిన నిర్ణయం, అది ఎవరి మాట విని మారింది, విన్నా మార్చనిది ఏది, ఎందుకు మార్చలేదు. నిధులిచ్చే సంస్థకూ అందులో ఒక పేజీ. ఏడాదికోసారి బయటి మనిషి వచ్చి, అందులో కొన్నింటిని ఫీల్డ్‌కి వెళ్లి చూడాలి. తర్వాతి విడత డబ్బుతో దానికి ఏ ముడీ ఉండకూడదు.

లెక్కల బల్ల:
"విన్నా మార్చనిది" అన్న వరుస నాకు నచ్చింది. అది ఉంటే ఊరికే మార్చి చూపించే తాపత్రయం తగ్గుతుంది. డబ్బుతో ముడి వద్దన్నదీ సరే. కానీ కాలం సంగతి? 1994 రువాండా మారణహోమం తర్వాత జరిగిన అత్యవసర సహాయం మీద చాలా దేశాలు, సంస్థలు కలిసి చేయించిన మూల్యాంకనం 1996లో వచ్చింది. దాని ఫలితంగా 1997లో ఆల్నాప్ అనే వేదిక పుట్టింది, సహాయ సంస్థలు ఒకదాని అనుభవం నుంచి ఒకటి నేర్చుకోవడానికి. రువాండాలో 1994లో పనిచేసిన ఏ ప్రాజెక్టూ తన ఏడాది రిపోర్టులో దీన్ని చూపించగలిగేది కాదు. మనుషులు ఉద్యోగాలు మారతారు, నేర్చుకున్నది వాళ్లతో పాటు ఇంకో సంస్థకు వెళ్తుంది. మీ నోటు పుస్తకం ప్రాజెక్టుతో పాటే మూతపడితే సగం కథే దొరుకుతుంది. ప్రాజెక్టు ముగిసిన రెండు మూడేళ్లకు మళ్లీ వెళ్లి చూసేందుకు బడ్జెట్‌లో మొదటి రోజే డబ్బు పక్కన పెట్టాలి. పెట్టేవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

చిన్న సంస్థ నుంచి:
ఆ నోటు పుస్తకం ఏ భాషలో రాస్తారో కూడా చెప్పండి. మా ఫీల్డ్ వాళ్లు ఇంగ్లిష్‌లో రాయమంటే నాలుగు ముక్కలు రాసి వదిలేస్తారు. సొంత భాషలో చెప్పమంటే ఒక్క పంపు గురించే గంటసేపు చెబుతారు.

ఫీల్డ్ డైరీ:
ఎవరి భాషలో వాళ్లే రాయాలి. అనువాదం ఖర్చు ప్రాజెక్టు పెట్టుకోవాలి.

నిన్న రాత్రి పాత మినిట్స్ అన్నీ తీసి, మీరు అడిగిన ప్రశ్నలతో మళ్లీ చదివాను. తెలిసినవాళ్లకు ఫోన్లు కూడా చేశాను. నాలుగేళ్లలో పక్క సంస్థ వల్ల మారిన నిర్ణయాలు నాకు దొరికినవి మూడు. మూడింటిలో ఏదీ వర్క్‌షాపులో మొదలవలేదు. రెండు సంస్థల మెకానిక్‌లు ఒకరి ఫీల్డ్‌కి ఒకరు వెళ్లి వారం రోజులు కలిసి పనిచేసినప్పుడు మొదలయ్యాయి. ఆ పర్యటనలకు రిపోర్టులో వరుస లేదు. మూడో ఏడాది ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మేం ముందుగా కొట్టేసింది వాటినే. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.