కంటి ఆపరేషన్ అయిన మా అమ్మను మనవరాలి గ్రాడ్యుయేషన్‌కు ఆదోని నుంచి కర్నూలుకు తెచ్చుకోవచ్చా?

కుట్టుమిషన్ (కర్నూలు):

మా పాప పదో తరగతి. పబ్లిక్ పరీక్షలకు ముందు, వచ్చే శనివారం పొద్దున బడిలో గ్రాడ్యుయేషన్ డే పెట్టినారు. నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ. ఫోన్లో మాటవరసకు చెప్తే మా అమ్మ ఒకటే పట్టు, "నేనొస్తా, పాపను ఆ బట్టల్లో చూడాల" అని. అమ్మకు డెబ్బై రెండు. ఉండేది ఆదోని దగ్గర పల్లెలో. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయ్యి శనివారానికి పదహారు రోజులు. ఇంకా నల్లద్దాలు పెట్టుకొని, రోజుకు నాలుగుసార్లు చుక్కలు వేయించుకుంటాంది.

ఎమ్మిగనూరు మీదుగా దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఎండలు అప్పుడే మొదలైనాయి. కుదుపులకు, దుమ్ముకు కంటికేమన్నా అవుతాదా? ఇంకొకటి, బడివాళ్ళు ఇంటికి రెండే పాసులంటున్నారు. మా ఆయనకొకటి, నాకొకటి.

మా అన్న "వీడియో కాల్‌లో చూపించు, ఆమెను తిప్పొద్దు" అంటాడు. ఆయన భయం ఆయనది. నేనెందుకింత పట్టుబడుతున్నానో కూడా చెప్పాల.

నేను ఏడో తరగతితో ఆగిపోయినా. 1999లో మా ఊర్లో సీడు పత్తి, అంటే విత్తనాల కోసం పండించే పత్తి వేసినారు. ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు అంటించే క్రాసింగు పనికి ఆడపిల్లలే కావాల అనేవాళ్ళు. చేతులు చిన్నవి, కూలి తక్కువ. రేపు విచ్చుకునే మొగ్గను ఈ మాపటికే చూసి పట్టుకోవాల. బొటనవేలి గోరుతో చుట్టూ గిల్లి, పుప్పొడి ఉండే పొరను వలిచి తీసేయాల. నడిమి కాడ తెగితే ఆ మొగ్గ పోయినట్టే, సేద్యగాడు కేకలేస్తాడు. గుర్తుకు ఎర్ర కాగితం చుట్టి, తెల్లారి మగ చెట్టు పువ్వు తెచ్చి ఆ పుప్పొడి దీనికి అంటించాల. మందు కొట్టిన చేలోనే ఇదంతా. పసరుకు వేళ్ళు నల్లబడి, గోరు చివర పగిలి, సంగటి పులుసులో అద్దితే ప్రాణం పోయేది.

నాయన మంచాన పడినాడు, సేద్యగాడు అడ్వాన్సు ఇచ్చినాడు, అమ్మ నన్ను బడి మాన్పించింది. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. నాకు చానా ఏండ్లు కోపముండేది, పెండ్లయినాక కూడా. పోయిన వారం ఫోన్లో ఆమే అనింది: "నిన్ను నేనే ఆపితిని గదమ్మా, దాన్నన్నా కండ్లారా చూడనీ." నా నోట మాట రాలేదు. ఆమెకు ఆ హాల్లో కుర్చీ వేయించాల. ఎట్లా తెచ్చుకోవాలో చెప్పండి.

నీలి అద్దాలు (అనంతపురం):

అక్కా, నేను పదకొండేండ్లుగా కంటి వార్డులో పని చేస్తున్నా. నొప్పి, ఎరుపు, పుసి లేకుండా చూపు తేటగా ఉంటే పదహారో రోజుకు మామూలుగా ప్రయాణానికి అడ్డుండదు. అయినా ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనంటేనే బయల్దేరండి. బస్సులో ముందు వైపు సీటు చూడండి, వెనక చక్రాల మీద వద్దు. కిటికీ మూసే ఉంచాల, నల్లద్దాలు తీయొద్దు. చుక్కల సీసా ఎండ తగిలే చోట పెట్టొద్దు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. వేసేవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాల.

నాకు ఎక్కువ భయం మూటలతోనే. పల్లె నుంచి వచ్చే అమ్మ బుడ్డల (వేరుశనగల) సంచో, జొన్నపిండో మోసుకురాకుండా ఉండదు. బరువెత్తనీయొద్దు. పండగ పూట కదా అని తలంటు పోయొద్దు, నీళ్ళు మెడ కిందికే. కన్ను నొప్పెట్టినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు. కర్నూలులోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, నేరుగా పోండి.

పల్లెవెలుగు ప్రయాణికుడు (ఆదోని):

శనివారం పొద్దున బయల్దేరితే అలసట, తొందర. శుక్రవారమే ఎండెక్కకముందు ఎక్స్‌ప్రెస్ ఎక్కించండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఉచితమే, సూపర్ లగ్జరీకి వర్తించదు. ఆధార్ కార్డు చేతిలో ఉండాల, జీరో టికెట్ అడిగి తీసుకోవాల. మూట మీ అన్ననే ఎక్కించమనండి.

పదో తరగతి తెలుగు టీచర్ (కడప):

అమ్మా, పాసులంటే కుర్చీల లెక్కే. ప్రిన్సిపాల్‌ను నేరుగా కలిసి, కంటి ఆపరేషన్ సంగతి రాసిచ్చి అడగండి. ఇయ్యకపోతే ఉన్న రెండింట్లో ఒకటి ఆమెకే. స్టేజి లైట్లు కంటికి గుచ్చుతాయి, పక్క వరసలో కూర్చోబెట్టండి. వీడియో కాల్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. స్టేజి మీద ఒక్కో పిల్ల పది సెకన్లు కూడా నిలబడదు, సిగ్నల్ సరిగ్గా అప్పుడే పోతాది. పోయిన ఏడు మా బడిలో ఒక తాత దుబాయ్‌లో ఉన్న కొడుక్కు చూపించబోయి, ఫోన్ పట్టుకొనే ఏడ్చినాడు.

కుట్టుమిషన్ (కర్నూలు):

అందరికీ దండాలు. డాక్టరు ఒప్పుకున్నాడు. శుక్రవారం తొమ్మిదిన్నరకల్లా అమ్మను కర్నూలు బస్టాండులో దించుకున్నాం. మూట ఉండనే ఉంది, బుడ్డలు నాలుగు పడుల కొలత, అన్న ఎక్కించి కండక్టరుకు చెప్పినాడంట. మూడో పాసు ఇయ్యలేదు. మా ఆయన తన పాసు అమ్మకిచ్చి గేటు బయట స్కూటర్ మీద కూర్చున్నాడు. ఇట్లాంటివి ఆయన చెప్పి చేయడు.

పాప పేరు పిలిచినప్పుడు అమ్మ లేచి నిలబడింది. వెనకాయన కూర్చోమంటే కూర్చోలేదు. నేనూ ఆమెను కూర్చోమనలేదు.

కన్ను తేటగానే ఉంది, చుక్కలు నేనే వేస్తున్నా, సోమవారం పంపిస్తా. ఫోటోలైనాక అమ్మ పాప కుడిచెయ్యి పట్టుకొని, ఒక్కో వేలూ నల్లద్దాల దగ్గరికి తెచ్చుకొని చూసింది. బొటనవేలి పక్కన నల్లగా కనపడితే ఆగింది. "ఇదేమి పాపా?" అనింది. "సిరా అవ్వా, పెన్ను కక్కింది" అనింది పాప. గౌన్లు తిరిగిచ్చేయమని టీచర్లు పిలిచేదాకా అమ్మ ఆ వేలు వదల్లేదు.