ట్రామా థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది శిక్షణా, నమ్మకమా?

చర్చ ప్రారంభించినవారు:
కొన్నేళ్ల క్రితం జరిగిన ప్రమాదం మా అక్కను ఇప్పటికీ పీడకలల రూపంలో వెంటాడుతోంది. ఆమె ఇద్దరు థెరపిస్టులను కలిసింది. ఒకరు ఈఎండీఆర్ (బాధ కలిగించే జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే చికిత్స) పద్ధతిలో శిక్షణ పొందినవారు గాని, మనిషి ముభావంగా ఉన్నారు. రెండో ఆవిడ దగ్గర అక్క మనసు విప్పి మాట్లాడగలిగింది గాని, ఆవిడకు ట్రామా (మనసుకు తగిలిన లోతైన గాయం) చికిత్సలో ప్రత్యేక శిక్షణ లేదు. ఎవరి దగ్గరికి వెళ్లడం మంచిది?

మొదటి అభిప్రాయం:
రెండో ఆవిడ దగ్గరికే వెళ్లమనండి. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పుకోవాలంటే ముందు ఎదుటి మనిషి మీద నమ్మకం కలగాలి కదా.

రెండో అభిప్రాయం:
నమ్మకం కావాలన్న మాటను నేను కాదనను, కానీ అదొక్కటే చాలదని గట్టిగా చెప్పదలచుకున్నాను. బాధ కలిగించే జ్ఞాపకాలనుంచి తప్పించుకు తిరగడమే పీటీఎస్‌డీని (భయానక ఘటన తర్వాత మనసును వదలని ఒత్తిడి రుగ్మతను) ఏళ్ల తరబడి నిలబెట్టే ప్రధాన కారణాల్లో ఒకటి. శిక్షణ లేని థెరపిస్టు, ఎంత దయగలవారైనా, కన్నీళ్లు కనబడగానే జాలితో మాట మార్చి ఆ తప్పించుకోవడానికే తోడ్పడవచ్చు. లేదా మొదటిరోజే అంతా తవ్వితీసి, మనసు కుదుటపడకముందే ఇంటికి పంపవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పెద్దవారి పీటీఎస్‌డీకి ట్రామాపై దృష్టి పెట్టే సీబీటీని (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకోవడం నేర్పే చికిత్సను), ఈఎండీఆర్‌ను సిఫారసు చేసింది.

పైగా, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాలన్నది అన్ని పద్ధతులకూ వర్తించదు. ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకోవాలి తప్ప, వివరాలన్నీ పైకి చెప్పనక్కరలేదు.

మీ అక్కగారిని ఆ ఇద్దరు థెరపిస్టులనూ ఇవే ప్రశ్నలు అడగమనండి: ఏ పద్ధతిలో, ఎవరి పర్యవేక్షణలో శిక్షణ పొందారు? నాలాంటి సమస్యతో వచ్చినవారికి ఇంతకుముందు చికిత్స చేశారా? మధ్యలో నేను ఉక్కిరిబిక్కిరైతే ఏం చేస్తారు? గుణం కనిపిస్తోందో లేదో ఎప్పుడు, ఎలా చూస్తారు? ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఉదాహరణకు సీపీటీ (ఆ ఘటన గురించి మనసులో పాతుకున్న ఆలోచనలను సరిచూసుకోవడం నేర్పే చికిత్స) సాధారణంగా 12 సెషన్ల ప్రణాళికతో మొదలవుతుంది. ఏ ప్రణాళికా చెప్పకుండా 'వస్తూ ఉండండి, చూద్దాం' అంటే నేనైతే వెనకాడతాను.

మూడో అభిప్రాయం:
ఒక్క ప్రమాదం తాలూకు గాయానికి ఇది సరిపోతుంది. చిన్నతనంనుంచీ ఏళ్లపాటు హింస అనుభవించినవారి సంగతి వేరు. మనుషులను నమ్మడమే వారికి కష్టం కాబట్టి, ఆ నమ్మకం ఏర్పడడం కూడా చికిత్సలో భాగమే. 2022నుంచి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11, ఇలాంటివారిలో కనిపించే కాంప్లెక్స్ పీటీఎస్‌డీని విడిగా గుర్తించింది. మరొక మాట: మొదటి పరిచయంలో ముభావంగా కనిపించినవారంతా కఠినులు కారు. మనం వద్దన్నప్పుడు ఆగుతున్నారా, నొచ్చుకున్నామని చెబితే వింటున్నారా అన్నది రెండు మూడు సెషన్లు గడిస్తేగాని తెలియదు.

చర్చ ప్రారంభించినవారు:
అక్కకు ఇవన్నీ చదివి వినిపించాను. వివరాలన్నీ చెప్పనక్కరలేదన్న సంగతి తనకు తెలియదట. ఈఎండీఆర్ థెరపిస్టునే మరోసారి కలిసి, మధ్యలో ఆపమంటే ఆపుతారా అని ముందుగా అడుగుతానంటోంది.