వేడెక్కిన టైరులో 39 పీఎస్‌ఐ చూపిస్తోంది, గాలి తీయించాలా?

ప్రశ్న: పొద్దున ఇంటి దగ్గర నాలుగు టైర్లలోనూ 33 ఉంది. కారు కంపెనీ అంటించిన స్టిక్కరు మీద ఉన్నదీ అదే. హైదరాబాద్ నుంచి సూర్యాపేట వచ్చేసరికి టీపీఎంఎస్ (బండిలోనే టైరు పీడనం చూపే పరికరం) 39 చూపిస్తోంది. బంకులో గాలి కొట్టే అబ్బాయి ఆరు తీసేద్దాం అంటున్నాడు. తీయించాలా? నైట్రోజన్ అయితే పెరగదంటున్నారు, నిజమేనా?

జవాబు 1: తీయించకండి. స్టిక్కరు మీద అంకె చల్లని టైరుకి. టైరు ఘనపరిమాణం దాదాపు మారదు కాబట్టి పీడనం పరమ ఉష్ణోగ్రతతో పాటే పెరుగుతుంది. ఈ లెక్కలో రెండు చోట్ల తప్పు పోతుంది. గేజి చూపేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువన్నది మాత్రమే, దానికి బయటి గాలి పీడనం 14.7 కలపాలి: 47.7. ఉష్ణోగ్రత కెల్విన్‌లో, అంటే డిగ్రీలకి 273 కలిపి, తీసుకోవాలి: పొద్దున 25 డిగ్రీలంటే 298, లోపలి గాలి 65కి చేరితే 338. 47.7 × 338 ÷ 298 = 54.1. అందులో 14.7 తీసేస్తే 39.4. మీ టీపీఎంఎస్ చూపిస్తున్నది ఇంచుమించు అదే. ఇప్పుడు 33కి దించితే, చల్లారాక మిగిలేది 27.

జవాబు 2: అసలు భయపడాల్సింది దీనికి తిరగబడ్డ సంగతికి. చల్లగా 26 ఉన్న టైరు రోడ్డు మీద ఎక్కువ నలుగుతుంది, పక్కగోడ మడతపడి మడతపడి వేడెక్కుతుంది. లోపల 80 డిగ్రీలైతే గేజి 33 దాటి చూపిస్తుంది. బంకులో చూసి అంతా బాగుందనుకుంటారు. ఎండాకాలం హైవేల మీద టైర్లు పేలడానికి గాలి ఎక్కువవడం కంటే తక్కువవడమే పెద్ద కారణం. అందుకే వేడి మీద సరిగ్గా 33 కనిపిస్తే సంతోషించకండి, అనుమానించండి.

జవాబు 3: నైట్రోజన్‌కీ ఇదే సూత్రం. మామూలు గాలిలో 78 శాతం అదే కదా. తేడా అంతా తేమతో. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరిన నీళ్లు వదలకపోతే ఆ తడి టైరులోకి పోయి, వేడికి ఆవిరై పీడనాన్ని ఇంకా పెంచుతుంది. ట్యాంకు డ్రెయిన్ చేసే షాపులో కొట్టించుకుంటే మామూలు గాలి చాలు.

దారిలో ఒక టైరు తగ్గిందనిపిస్తే, అదే ఇరుసు మీద రెండో టైరుకి సమానంగా కొట్టించండి. కనీసం మూడు గంటలు బండి ఆగాక, నీడలో, మళ్లీ చూసి సరిచేయండి. ఎండ తగిలే వైపు టైరు ఒకటి రెండు ఎక్కువ చూపిస్తుంది. పొద్దున సమానంగా ఉన్న జతలో ఒకటే బాగా పెరిగితే చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోకుండానే సెగ తెలిస్తే బ్రేకు పట్టేసినట్టే.